పడుగు కాపలాకు ఒక కుక్క

మా బాపు నూలు కొనేటప్పుడు చూడాలి. ఒక పోగు లాగి, వేళ్ల మధ్య నలిపి, పుటుక్కున తెంపి, తెగిన కొసను వెలుతురుకు పెట్టి చూసి, చివరికి నాలుక మీద కూడా ఆనించుకునేవాడు. అంగడిలో వంకాయలు కొన్నా అంతే, చెప్పులు కొన్నా అంతే. చెప్పులను నాలుక మీద పెట్టుకోలేదు గానీ, ఆ తోలు ఏ ఊరి బర్రెదో కనుక్కోకుండా అందులో కాలు పెట్టేవాడు కాదు. అలాంటి మనిషి కుక్కను తెచ్చుకుందాం అనుకున్నాడంటే, దాని తల్లి ఏది, తండ్రి ఏది అని అడగకుండా ఉంటాడా?

నిజాం కాలపు హాలీ సిక్కా రూపాయి పోయి నయాపైసలు వచ్చిన కొత్త రోజులవి. కరీంనగర్ జిల్లాలో మాది నేతవాళ్ల ఊరు. కరెంటు మగ్గాలు ఇంకా మా వాడ దాకా రాలేదు, ఇంటింటికీ గుంట మగ్గమే. నేత ఇంట్లోనే గానీ, పడుగుకు, అంటే బట్ట నిలువు పోగులకు, గంజి పెట్టే పని మాత్రం ఇంట్లో అయ్యేది కాదు. అంత పొడుగు నూలు చాపడానికి చోటెక్కడిది? తెల్లవారగానే వాడ ఈ చివర ఒక గుంజ, ఆ చివర ఒక గుంజ పాతి, పడుగు మొత్తాన్ని వాటి మధ్య లాగి కట్టి, నేలకు ఆనకుండా మధ్యమధ్య కర్రల మీద నిలిపేవాళ్లు. మా అమ్మను అవ్వ అనేవాళ్లం, ఆమే గంజి కాచి తెచ్చేది. ఇరుగుపొరుగు వాళ్లు చెరో పక్క నిలబడి పోగులకు గంజి పట్టిస్తూ, పెద్ద కుంచెతో దువ్వుకుంటూ ముందుకూ వెనక్కూ నడిచేవాళ్లు. ఎండ ముదిరేలోపు అది ఆరాలి, పోగుకు పోగు అంటుకోకూడదు, తెగినదాన్నల్లా అక్కడే అతకాలి. ఇవాళ మా పడుగు అయితే రేపు పక్కింటి వాళ్లది. ఒకరి పడుగుకు ఒకరు సాయం రాకపోతే మా వాడలో బట్ట పుట్టదు.

దువ్వడం అయ్యాక పడుగును ఎండకు వదిలి అందరూ అంబలి తాగడానికి ఇళ్లలోకి పోయేవాళ్లు. సరిగ్గా అప్పుడే మేకలు వచ్చేవి. వాడ మూల మీద ఒక ముసలామె మేకలు పెంచుకునేది. మేమంతా ఆమెను పెద్దవ్వ అని పిలిచేవాళ్లం. ఆమె ఎంత మంచిదో ఆమె మేకలు అంత దొంగలు. పచ్చి గంజి వాసన తగిలితే చాలు, వచ్చి పడుగును నాకి, పీకి, నమిలి, కింద రెండు పోగులు తొక్కి మరీ పోయేవి. నాకు కర్ర ఇచ్చి కాపలా కూర్చోబెట్టేవాళ్లు. బడి గంట వినపడగానే నేను కర్ర అక్కడే పడేసి పరుగెత్తేదాన్ని. చదువు మీద ప్రేమ అనుకోకండి, ఆలస్యమైతే పంతులు గోడ కుర్చీ వేయించేవాడు.

మేకలు చాలవన్నట్టు ఒక గోధుమ రంగు ఊరకుక్క కూడా ఉండేది. అది మేకల్లా పీకేది కాదు. వచ్చి, పడుగు అంచు వెంబడి ఒక పద్ధతిగా, ఎంగిలి విస్తరి శుభ్రం చేసినట్టు గంజిని నాకి పోయేది. చూసేవాళ్లకు ఏ నష్టమూ కనపడదు. మగ్గానికి ఎక్కించాక తెలుస్తుంది, ఆ అంచు పోగులన్నీ పీచులేచి పుటుక్కు పుటుక్కున తెగుతుంటే. అలా తెగినప్పుడల్లా బాపు గుంటలో కూర్చునే ఆ కుక్కను దాని ఏడు తరాలతో కలిపి తిట్టేవాడు. దాని తరాలు ఆయనకు తెలియవు, అది వేరే సంగతి.

ఆ ఎండాకాలం పక్క వాడలో ఒక పిల్లాడిని పిచ్చికుక్క కరిచింది. దాంతో ఊరి కమిటీ వాళ్లు కుక్కలు పట్టే మనుషులను పిలిపించారు. ఇంటి కుక్కలను కట్టేసుకోండి, కట్టనివన్నీ పోతాయి అని డప్పు కొట్టించి చెప్పారు. మా వాడకు వాళ్లు వచ్చినప్పుడు గోధుమ రంగుది ఒక అరుగు కింద దూరింది. బాపే వెళ్లి చూపించాడు. మెడకు ఉచ్చు వేసి ఈడ్చుకుపోతుంటే అది పెద్దగా గింజుకోలేదు. మా ఇంటి వైపు ఒకసారి చూసింది. గుమ్మంలో నిలబడి ఉన్న అవ్వ చేతిలో ఖాళీ గంజి కుండ ఉంది. ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఒక సంగతి నాకూ అవ్వకూ మాత్రమే తెలుసు. గంజి పని అయ్యాక కుండ అడుగున మిగిలిన గంజిని అవ్వ పెరటి రాతి మీద పోసేది. ఆ కుక్క చిన్నపిల్లగా ఉన్నప్పటినుంచీ వచ్చి తాగిపోయేది. అన్నం పెట్టేంత మిగులు మా ఇంట్లో ఎప్పుడూ లేదు, గంజి అడుగు అయితే పారబోసేదే కదా. అలా దాని నోటికి గంజి రుచి పట్టించింది మా అవ్వే. వాడలో పడుగు చాచిన పొద్దుల్లో అది రావడం, రాతి మీద గంజి ఆలస్యమైతే పడుగు మీద వెతుక్కోవడం, అన్నీ అక్కడినుంచి వచ్చినవే. బాపుకు ఈ విషయం తెలియదు. అవ్వ చెప్పలేదు. నేను చెబితే ఏమవుతుందో నాకూ తెలుసు కాబట్టి నేనూ చెప్పలేదు.

పట్టిన కుక్కలను బందెలదొడ్డిలో పెట్టారు. చేలల్లో పడి మేసిన పశువులను తోలుకొచ్చి కట్టేసే దొడ్డి అది. ఒక మూలకు తడికె అడ్డం కట్టి కుక్కలను అందులోకి తోశారు. ఎవరైనా వచ్చి మాది అంటే వదులుతారు. వారపు అంగడి నాటి పొద్దున దాకా ఎవరూ రాని వాటికి చంపే మందు పెడతారు.

ఒక పొద్దున అవ్వ ఉప్పు తేవాలని నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది. ఉప్పు కొట్టు ఒక దిక్కు, మేం పోయింది ఇంకో దిక్కు. దొడ్డి కాపలా ఉండే ముసలాయనను ఊరంతా చాచా అనేది. అవ్వ తడికె సందులోంచి కుక్కను చూసి, దాన్ని వదిలేయమని అడిగింది. ఎవరిదమ్మా అని ఆయన అడిగాడు. మా వాడది అంది అవ్వ. ఆయన గడ్డం గోక్కుని, చాలా నెమ్మదిగా, కోపమేమీ లేకుండా చెప్పాడు.

"వాడది అంటే ఎవ్వలిదీ కాదు బేటీ. వదిలిపెడితే మళ్ల గల్లీలకే పోతది, మళ్ల పట్టుకొస్తరు, నా నౌకరి పోతది. ఎవ్వరన్న ఒక్కరు నాది అని నా ముంగట అనాలె."

తిరిగి వచ్చేదారిలో అవ్వ వడివడిగా ఇంటికే నడిచింది. ఉప్పు కొనడం కూడా మరిచిపోయాం. ఆ రోజు కూరలో ఉప్పు లేదని బాపు కేకలేశాడు.

అదే వారం ఇంట్లో కుక్క మాట వచ్చింది. మేకలు ఒక పడుగును మరీ ఘోరంగా పీకాయి, దాన్ని అతకడానికి వాడ వాడంతా కూర్చోవలసి వచ్చింది. ఇక లాభం లేదు, పడుగు కాపలాకు ఒక కుక్కను తెస్తాను అన్నాడు బాపు. అవ్వ పొయ్యి దగ్గరినుంచి, తల తిప్పకుండా, బందెలదొడ్డిలో ఒకటి ఉంది కదా అంది. బాపు ముందు నవ్వాడు, తర్వాత ఆమె నిజంగానే అంటున్నదని అర్థమై నవ్వు ఆపాడు.

"తల్లెవరో తండ్రెవరో తెల్వదు. పైంగ అది దొంగ. దొంగను తెచ్చి నా పడుగు కాడ కూసోబెట్టుమంటవా?"

మా అవ్వ వాదించే మనిషి కాదు. అలిగే మనిషి కూడా కాదు. పొయ్యిలో కట్టెలు కొంచెం గట్టిగా ఎగదోసేది, అంతే.

బాపు అప్పటికే విచారించి పెట్టుకున్నాడు. హుస్నాబాద్ అవతల ఒక గొర్ల కాపరి ఇంటి కుక్కలకు చుట్టుపక్కల చాలా పేరు. తోడేలు వచ్చినా వెనకడుగు వేయవట. ఆ ఇంట్లో కుక్కను అమ్మరు, కొత్త బట్ట పెట్టి అడిగితే, మనిషి నచ్చితే ఇస్తారట. బాపు సొంతంగా నేసిన రుమాలు ఒకటి మడతపెట్టి సంచిలో వేసుకున్నాడు. బడికి సెలవు కాబట్టి ఏడ్చి ఏడ్చి నేనూ వెంట పడ్డాను.

ఆ ఇంటి పెద్ద, ఒక తాత, మంచె మీద కూర్చుని గొంగడికి ఉన్ని వడుకుతున్నాడు. రుమాలును చేత్తో తడిమి చూసి తలకు చుట్టుకున్నాడు, బాపు ముఖం వెలిగింది. తర్వాత బాపు మొదలుపెట్టాడు: దీని తల్లి ఏది, దాని తల్లి ఏది, ఎప్పుడైనా మందను వదిలి పోయిందా, ఈని ఎన్నాళ్లకు పనిలోకి వచ్చింది. నూలు చూసినట్టే చూశాడు, నాలుక ఆనించడం ఒక్కటే తక్కువ. తాత ఓపికగా అన్నీ చెప్పాడు. నల్లగా, తోక మీద ఇంత తెల్లమచ్చ ఉన్న పడుచు కుక్కను చూపించి, దాన్ని ఎలా పెంచాడో కూడా చెప్పాడు.

"కండ్లు తెరవకముందే గొర్లల్ల ఏస్తం బిడ్డా. మనిషి చెయ్యి తగలనియ్యం. గొర్రెపాలే తాగుతది, పిల్లల నడుమనే పంటది. దానికి మందనే అవ్వ, మందనే బాపు. మరి మీకు మందేది?"

"మా పడుగే మా మంద" అన్నాడు బాపు, గర్వంగా. తాత ఆయన వంక కాసేపు చూసి, నీ ఇష్టం అన్నట్టు తల ఊపి, తాడు చేతికిచ్చాడు.

వచ్చేటప్పుడు బండిలో బాపు ఆ కుక్క వంశం మొత్తం బండివాడికి చెప్పాడు. దిగాక వాడలో ఎదురైన ప్రతివాళ్లకూ మళ్లీ చెప్పాడు. కుక్క మాత్రం ఎవరి ముఖమూ చూడలేదు. ఇంటి ముందు కట్టేస్తే గోడ వైపు తిరిగి పడుకుంది. అవ్వ గిన్నెలో పోసిన జొన్న గటక వాసన చూసి వదిలేసింది. పెద్దింటి పిల్ల, కొత్త కదా అన్నాడు బాపు. అవ్వ గిన్నె తీసి కడిగి బోర్లించింది.

మరునాడు మా పడుగు. అంగడికి ముందు రోజు అది. గంజి పట్టించి దువ్వడం అయ్యాక బాపు కుక్కను తెచ్చి గుంజ దగ్గర విప్పి, పడుగును చూపించి, నెత్తి నిమరబోయి, అది పళ్లు చూపిస్తే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అందరూ అంబలికి లోపలికి పోయారు. నేను మాత్రం గోడ కుర్చీకి సిద్ధపడి అరుగు మీదే ఉండిపోయాను. అందుకే ఆ తర్వాత జరిగింది మొదటినుంచీ చూసిన దాన్ని నేనొక్కదాన్నే.

మూల తిరిగి పెద్దవ్వ మేకలు వచ్చాయి. కుక్క చెవులు లేచాయి. హుస్నాబాద్ నుంచి వచ్చాక మొదటిసారి దాని తోక ఊగింది. అది మేకల చుట్టూ ఒక చుట్టు తిరిగింది. వెనక ఎక్కడో గోడ పక్కన నిలబడిపోయిన ఒక పిల్లమేకను మూతితో తోసుకుంటూ తెచ్చి మిగతావాటిలో కలిపింది. మేకలన్నీ పడుగు మీద పడి హాయిగా నాకుతుంటే, అవి ఎక్కడికీ చెదిరిపోకుండా, వాటి ముందు దర్జాగా కాళ్లు చాపి కూర్చుంది. తన మంద తనకు దొరికిందన్న నెమ్మది దాని ముఖంలో అంత స్పష్టంగా కనిపిస్తుంటే నాకు అరవబుద్ధి కాలేదు.

బాపు కర్ర తీసుకుని పరుగెత్తుకొచ్చాడు. కుక్క లేచి ఆయనకు అడ్డం నిలబడింది. అది మొరిగిన మొరుగుడికి వాడంతా బయటికి వచ్చింది. ఆయన ఇటు అడుగేస్తే అది ఇటు, అటు అడుగేస్తే అటు. తన వీధిలో, తన పడుగు ముందు, తను తెచ్చుకున్న కుక్క మా బాపును పడుగు దగ్గరికి రానివ్వలేదు. తోడేలు వచ్చినా వెనకడుగు వేయదన్నారు, అది మాత్రం నిజమే. చివరికి పెద్దవ్వ వచ్చి తన మేకలను పిలుచుకుంటే అవి కదిలాయి, వాటి వెనకాలే కుక్కా కదిలింది.

"ఎంత మంచి కుక్కను తెచ్చినవ్ బిడ్డా" అంది పెద్దవ్వ. ఆమె ఎకసెక్కమాడలేదు, మనసారా అన్నది. కుక్క ఆమె దొడ్లోకి పోయి మేకల మధ్య పడుకుంది. ఎంత పిలిచినా తిరిగి మా ఇంటికి రాలేదు.

వాడ నవ్వింది. మా వాడ నవ్వు ఎలా ఉంటుందంటే, నవ్వుతూనే వచ్చి కూర్చుని తెగిన పోగులు అతకడం మొదలుపెడతారు. మధ్యాహ్నానికి ఒక్కొక్కరే తమ మగ్గాల దగ్గరికి పోయారు. పడుగుకు ఒక పక్క బాపు, ఇంకో పక్క అవ్వ మిగిలారు. నేను పోగులు అందిస్తున్నాను. ఇద్దరి తలలూ వంచి ఉన్నాయి, వేళ్లు మాత్రం ఆగడం లేదు. అప్పుడు అవ్వ, తల ఎత్తకుండానే చెప్పింది.

"ఆ కుక్కకు గంజి అలవాటు చేసింది నేనే. చిన్నపిల్ల ఉన్నప్పటి సంది రాయి మీద పోస్తున్న. నేను పొయ్యకపోతే దానికి గంజంటేనే ఎరుక లేకుండె."

బాపు వేళ్లు ఆగాయి. ఇన్నాళ్లూ ఆయన గుంటలో కూర్చుని తిట్టిన తిట్లన్నీ ఎక్కడ పడ్డాయో ఆయనకు అప్పుడు తెలిసి ఉంటుంది.

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే పొయ్యనిచ్చెటోనివా?"

బాపు మళ్లీ పోగు అందుకున్నాడు. కాసేపటికి అవ్వ, రేపు అంగడి అంది. బాపు విన్నాడు. అవునని గానీ కాదని గానీ అనలేదు. ఒక దొంగను తెమ్మంటే కాదన్న మనిషి, వాడ ముందు ఇంత నగుబాటు అయ్యాక, ఇప్పుడు సరే అనడానికి ఆయనకు నోరు పెగలడం లేదని నాకే అర్థమైంది. కానీ మందుకు అవేమీ తెలియవు కదా. నాకు బాపు మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ సాయంత్రం ఆయన పక్కన కూర్చుని తినలేదు.

అంగడి పొద్దున అవ్వ పొయ్యి వెలిగించలేదు. ముఖం కడుక్కుని, కొంగు నడుముకు చుట్టి, నాకు చెయ్యి కూడా అందించకుండా బయలుదేరింది. నేను వెంట పరుగెత్తాను. కొంత దూరం పోయాక వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. బాపు వస్తున్నాడు. ఆపడానికి వస్తున్నాడో, తోడు వస్తున్నాడో నాకు తెలియలేదు. ఆయనకూ తెలిసినట్టు లేదు.

తడికె వెనక కుక్కలు బాగా తగ్గిపోయాయి. కొన్నిటిని ఎవరో వచ్చి తీసుకుపోయి ఉంటారు. కమిటీ మనిషి ఒకడు అప్పటికే ఒక మూట పట్టుకుని వచ్చి చెట్టు నీడలో బీడీ కాలుస్తున్నాడు. మా గోధుమ రంగుది డొక్కలు ఎండిపోయి, ఒక పక్కకు పడుకుని ఉంది. అవ్వను చూసి లేచింది గానీ దగ్గరికి రాలేదు. దాన్ని ఎవరూ ఎప్పుడూ దగ్గరికి రమ్మని పిలవలేదు మరి. గంజి పోసి లోపలికి పోవడమే గానీ అవ్వ కూడా దానికి ఒక పేరు పెట్టలేదు.

చాచా అవ్వను గుర్తుపట్టాడు. కానీ వెనక మగమనిషి కనిపించేసరికి ఆయన చూపు అలవాటుగా అటే పోయింది. "ఏమన్నా, నీదేనా గీ కుక్క?" అని అడిగాడు. బాపు గొంతు సవరించుకున్నాడు. ఆయన ఏం చెప్పబోయాడో మాకు ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే అవ్వ ఆగలేదు.

"ఆయనది కాదు చాచా. నాది."

చాచా ఆమె వైపు తిరిగాడు. బెదిరించినట్టు కాదు, ముందే చెప్పడం మంచిదని చెప్పాడు.

"రేపు ఎవ్వలనన్న కరిస్తే నిన్నే అడుగుతరు బేటీ."

"అడగనియ్యి. నాదే."

ఆయన తడికె తీశాడు. కుక్క బయటికి వచ్చి, అవ్వ కాళ్లకు కొంచెం దూరంలో నిలబడింది. కట్టడానికి మా దగ్గర తాడు లేదు, దానికి తాడు అవసరమూ పడలేదు. అవ్వ నడిచింది, అది వెనక నడిచింది, దాని వెనక నేను, అందరికన్నా వెనక బాపు. దారిలో ఎవరో పలకరించి ఆ కుక్క ఎక్కడిదని అడిగితే బాపు, "నాకేం ఎరుక, గది మా ఇంటామెది" అన్నాడు. ఆ తర్వాత కూడా ఎవరు అడిగినా అదే మాట అనేవాడు. హుస్నాబాద్ కుక్క వంశాన్ని చెప్పినప్పుడు కూడా ఆయన గొంతులో అంత దర్జా లేదు.

అది పడుగును చాలా ఏళ్లు కాసింది. పొద్దున పడుగు చాచకముందే దాని వాటా గంజి దానికి పడేది, అందుకని మళ్లీ పడుగు నాకలేదు. మేకలు మూల తిరగగానే లేచేది. అవతల హుస్నాబాదుది తన మంద జోలికి రావద్దని, ఇవతల ఇది తన పడుగు జోలికి రావద్దని, రెండూ మూల మీద నిలబడి మొరుక్కునేవి. ఆ వేడుక చూడటానికి బాపు అంబలి గిన్నె పట్టుకుని అరుగు మీదికి వచ్చేవాడు.

మా అవ్వ నోట నాది అనే మాట నేను విన్నది ఆ ఒక్క పొద్దుననే. ఇల్లు తాతది, మగ్గం బాపుది, కట్టుకున్న చీర పుట్టింటివాళ్లు పెట్టినది. అంగడిలో ఎవరైనా నా గడ్డం పట్టుకుని ఈ పిల్ల ఎవరని అడిగితే, "మా ఇంటాయన బిడ్డ" అని చెప్పేది. అప్పటి ఆడవాళ్ల మర్యాద అదేనని నాకు తెలుసు. నామీద ఆమెకు ప్రేమ లేదని నేను ఏనాడూ అనుకోలేదు. అయినా ఇంత వయసొచ్చాక కూడా ఆ కుక్క గుర్తొస్తే నాకు కుళ్లు పుడుతుంది. దాన్ని మాత్రం మా అవ్వ, నలుగురి ముందు, రెండుసార్లు నాది అన్నది.